కెజియా టీచర్‌గారు చెరిపేసిన గడులు

కెజియా టీచర్‌గారి గురించి చెప్పాలంటే ముందు నా నోటి దురుసు గురించి చెప్పుకోవాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే పని మొదలుపెట్టి 2006 నాటికి ఐదేళ్ళు. రోజుకు పది ఫోన్లు, పదింటిలోనూ ఒకటే గోల, కంప్యూటర్ స్లో అయిపోయిందండీ అని. పదకొండో ఫోనుకు ఎవరు దొరికితే వాళ్ళ మీద విరుచుకుపడేవాణ్ణి. అలా దొరికినవాళ్ళలో ఆవిడ ఒకరు.

ఆవిడ దగ్గరే నేను టైపు నేర్చుకున్నాను. గూడెంలో ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు ప్యాసయినవాళ్ళు జిల్లాలో ఏ ఆఫీసుకు వెళ్ళినా ఒకరైనా తగులుతారు. చేతిలో చెక్క స్కేలు పట్టుకుని మెషీన్ల మధ్య తిరిగేవారు గానీ, ముప్పై ఏళ్ళలో అది ఎవరి వేళ్ళ మీదా పడలేదు. ఆవిడకు రెండే పట్టింపులు. కీబోర్డు వంక చూడకూడదు. టైపు చేసిన కాగితాన్ని చదవకుండా బుట్టలో వేయకూడదు. పాడైపోయిన కాగితమైనా సరే, మొదటి నుంచి చివరి దాకా చదివి అప్పుడు వేయాలి.

"చెత్తలో వేసేదాన్ని చదవడం ఎందుకండీ?" అని ఒకసారి నేనే అడిగాను.

"చెత్తో కాదో చదివితే కదయ్యా తెలిసేది" అన్నారు.

టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి ఇన్‌స్టిట్యూట్ మూసేశాక, 2004లో ఆవిడ నా దగ్గర ఒక కంప్యూటర్ కొన్నారు. నేనే బిగించి ఇచ్చాను. ఇరవై జీబీ డిస్క్. దాన్ని రెండు ముక్కలు చేశాను. సీ డ్రైవ్ నాలుగు జీబీ, డీ డ్రైవ్ మిగతా పదహారూ. అప్పట్లో మా మెకానిక్కులందరం అలాగే చేసేవాళ్ళం. విండోస్ సీలో ఉంటుంది, మీ సొంత ఫైళ్ళు డీలో దాచుకోండి అని కొన్నవాళ్ళకు చెప్పాలి. ఆవిడకు చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పలేదనే నా అనుమానం.

కంప్యూటర్ ఎందుకండీ అంటే అమ్మ పుస్తకాలు ఎక్కించుకోవడానికి అన్నారు. వాళ్ళమ్మ సూరమ్మగారు నర్సు. ఆకివీడులో ఉంటూ, దోనె ఎక్కి కొల్లేటి లంకలకు వెళ్ళి పురుళ్ళు పోసేవారు. ప్రతి పురుడూ నోటుపుస్తకంలో ఒక వరసగా రాసుకునేవారు. వరసకు ఆరు గడులు. తేదీ, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఆడో మగో, చివరి గడిలో తనకు తోచిన ఒక మాట. తల్లి పేరు మాత్రం తల్లి నోటితోనే చెప్పించుకునేవారట. అక్కడ కోడళ్ళను ఎవరూ పేరు పెట్టి పిలవరు, పుట్టింటి ఊరు పెట్టి పిలుస్తారు. కైకలూరు పిల్ల, కలిదిండి పిల్ల. "ఊరు నొప్పులు పడదమ్మా, నీ పేరు చెప్పు" అనేవారట సూరమ్మగారు.

అలాంటి పుస్తకాలు పదకొండు. పెంకుటిల్లు కారి, పెట్టెలో తడిసి, అట్టకట్టుకుపోయి ఉన్నాయి. పేజీని చాకుతో విడదీస్తే ఒక్కసారి చదవడానికి వీలుండేది, తర్వాత చేతిలోనే పొడిపొడి అయిపోయేది. టీచర్‌గారు పేజీ విడదీయడం, టైపు చేయడం, మళ్ళీ సరిచూసుకోవడం. రెండేళ్ళు అదే పని. ఈలోగా సంగతి లంకల్లో తెలిసి, పుట్టిన తేదీ కోసం జనం రావడం మొదలుపెట్టారు. పింఛనుకనీ, రేషన్ కార్డుకనీ ఒకరి తర్వాత ఒకరు. ఊరి పేరూ తండ్రి పేరూ చెబితే ఆవిడ తేదీ వెతికి ఒక కాగితం మీద కొట్టి ఇచ్చేవారు.

2006 వేసవిలో ఫోన్ చేశారు. నేను ఏలూరులో ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో, ఇరవై మొండి మెషీన్ల మధ్య, ఫ్యాను కూడా లేకుండా ఉన్నాను.

"విజయ్, లో డిస్క్ స్పేస్ అని మూలన ఒక బుడగ వస్తోందయ్యా. ఏం చేయమంటావు?"

"అనవసరమైనవన్నీ తీసెయ్యండి టీచర్‌గారూ, అదే సర్దుకుంటుంది" అని ఫోను పెట్టేశాను.

నా ఉద్దేశం ఆటలూ, పాటలూ, సినిమా బొమ్మలూ. ఆవిడ కంప్యూటర్‌లో అవేవీ లేవని నాకు తట్టలేదు. ఉన్నదల్లా ఆ ఒక్క ఫైలు. నేను చెప్పాను కాబట్టి, పాపం, అందులోనే అనవసరమైనదేదో వెతుక్కున్నారు. వచ్చినవాళ్ళు అడిగేది తేదీ. దరఖాస్తులో రాసేది తండ్రి పేరు. ఇక తల్లి పేరు గడి, చివరి మాట గడి, ఈ రెండూ ఎవరూ అడగలేదు. అన్నీ ఒక్క దెబ్బకు తీసే పద్ధతి తెలియక ఒక్కో వరస దగ్గరా ఆగి చెరుపుకుంటూ పోయారు. పన్నెండు రోజులు పట్టిందట. పదమూడో రోజు కూడా బుడగ వచ్చింది. నన్ను మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డారు.

ఆగస్టులో ఒక గురువారం మళ్ళీ ఫోను. "ఒకసారి రాగలవా" అన్నారు, అంతే. సంచిలో విండోస్ సీడీ వేసుకుని వెళ్ళాను. మాకు తెలిసిన వైద్యం ఒకటే, డిస్కులో ఉన్నదంతా తుడిచేసి ఫార్మాట్ కొట్టడం.

వరండాలో బల్ల మీద నలభై ఎనిమిది, యాభై ఏళ్ళ మనిషి ఒకావిడ కూర్చుని ఉంది. పేరు పెద్దింటమ్మ. లంక నుంచి ఆకివీడు వచ్చి, అక్కడ బస్సెక్కి గణపవరం మీదుగా వచ్చిందట. లోపల టీచర్‌గారు స్క్రీన్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతులు అలా ఊరికే ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆవిడ చెప్పేది విను" అన్నారు.

పెద్దింటమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "నేను పుట్టినప్పుడే మా అమ్మ పోయిందండి బాబూ. మా మేనత్త పెంచింది. మా అమ్మని అందరూ ముదినేపల్లి పిల్ల అనేవారంటండి. ఏడాదన్నా కాపురం చెయ్యలేదు. పేరు ఎవరికీ తెలవదు. మా నాన్నని అడిగితే ఏడ్చేవాడు గానీ చెప్పేవాడు కాదండి. ముదినేపల్లిలో వాళ్ళ మనుషులు ఎటెళ్ళిపోయారో ఆనవాలు లేదు. మా హారికకి ఆడపిల్ల పుట్టిందండి. ఆదివారం పేరు పెడతాం. మా అమ్మ పేరు పెట్టుకుందామని వచ్చానండి."

"మీ అమ్మగారి మొహం గుర్తుండే వీలు కూడా లేదన్నమాట" అన్నాను, ఏమనాలో తెలియక.

"నేను చూళ్ళేదు, ఆవిడా నన్ను చూళ్ళేదండి. కళ్ళు తెరవకుండానే పోయిందని మా అత్త చెప్పేది. పేరన్నా ఉంటే పిలుచుకుంటాం గదండి."

స్క్రీన్ మీద వరస సిద్ధంగానే ఉంది. 1958 ఆగస్టు, ఊరు, తండ్రి నూకరాజు, ఆడ. అంతే.

"తల్లి పేరేదండీ?" అన్నాను.

"చెరిపేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మిమ్మల్ని ఎవరు చెరపమన్నారండీ?" అని గట్టిగానే అరిచాను.

"అనవసరమైనవి తీసెయ్యమన్నావు కదయ్యా" అన్నారు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే. అప్పుడు గానీ నాకు వేసవి ఫోను గుర్తు రాలేదు. నాలుక పీక్కోవాలనిపించింది. ఆవిడ మొహం చూడలేక కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ముందు ఆ ఫైలు ఎంతుందో చూశాను. పదకొండు పుస్తకాలూ కలిపి పావు ఎంబీ లేదు. ఒక సినిమా పాట పట్టే చోట అలాంటి ఫైళ్ళు పదహారు పడతాయి. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది, చెప్పేశాను.

"మరి నిండిపోయిందన్నది దేనితోనయ్యా?"

దాచిపెట్టిన ఫైళ్ళన్నీ కనబడేలా చేసి చూపించాను. రేపు ఏదైనా పాడైతే వెనక్కి వెళ్ళడానికని విండోస్ తన కోసం తీసిపెట్టుకున్న నకళ్ళు ఆరు వందల ఎంబీ. మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి పట్టిపెట్టుకున్న చోటు ఇంకో ఏడెనిమిది వందలు. కొత్తవి ఎక్కించాక పారేయని పాతవి, సగంలో వదిలేసిన తాత్కాలిక ఫైళ్ళు. అన్నీ కలిపి రెండు జీబీ పైనే. మనకు కనబడకుండా, మనల్ని అడగకుండా చేరినవి. ఆ పక్కన డీ డ్రైవ్ పదహారు జీబీ, కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఖాళీగా ఉంది.

"అందులో ఎందుకు పెట్టుకోలేదండీ?"

"అది నాదా? నీ సామాను పెట్టుకోవడానికి ఉంచుకున్నావేమో అనుకున్నాను."

చెరిపినవి తిరిగి వస్తాయా అని అడిగారు. నెలలు దాటిపోయాయి, ఆ చోటు మీద విండోస్ ఎన్నిసార్లు రాసేసుకుందో తెలియదు, రావండీ అన్నాను. అది విని పెద్దింటమ్మ మళ్ళీ వెళ్ళి బల్ల మీద కూర్చుంది. బస్సు ఎన్నింటికో కూడా అడగలేదు.

ఊరికే కూర్చోలేక శుభ్రం చేయడం మొదలుపెట్టాను. విండోస్ నకళ్ళు తగ్గించాను. తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్ ఖాళీ చేశాను. చివరికి టీచర్‌గారి ఫైలు ఉన్న చోటికి వచ్చాను. దాని చుట్టూ వెలిసిపోయిన రంగులో పన్నెండో పదమూడో ఫైళ్ళు, పేర్ల నిండా అర్థంలేని అక్షరాలు. అన్నిటినీ ఒకేసారి పట్టి డిలీట్ మీద వేలు పెట్టాను.

"అవేమిటి?" అన్నారు వెనక నుంచి.

"చెత్తండి. మీరు టైపు చేస్తుండగా కరెంటు పోయినప్పుడల్లా వర్డ్ వదిలేసిన ముక్కలు."

"చదివావా?"

పద్దెనిమిదేళ్ళ కిందట టైపు నేర్చుకున్న నాటి విసుగు అంతా తిరిగొచ్చింది. ఏమన్నా అందును గానీ, ఆ రోజు ఆవిడను ఒక మాట అనే మొహం నాకు లేదు. ఒకదాన్ని తెరిచాను. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంది. పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, తోకలు. తెలుగు అన్నది లేదు.

"చూశారా? చెత్తే" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక వరస వెంట జరిపారు. మళ్ళీ ఇంకో వరస వెంట జరిపారు. టైపు మెషీన్ మీద లెక్కలేనన్ని పట్టికలు కొట్టించిన మనిషి.

"ఇందులో వరసకు గడుల మధ్య ఐదు ఖాళీలు ఉన్నాయయ్యా. నేను చెరిపాక మిగిలిన నాలుగు గడులకు మూడే ఉండాలి."

నేను అదే ఫైలును వర్డ్‌లో తెరిచి, తెలుగు ఫాంట్ పెట్టాను. ఆరు గడులు వచ్చాయి. కరెంటు పోయిన ఆ రోజు దాకా కొట్టినదాని నకలు అది, రెండో పుస్తకం దాకా ఉంది. తర్వాతది మూడు. ఇంకోటి ఐదు. అన్నిటికంటే పెద్దది తొమ్మిదో పుస్తకం సగం దాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో నాకు వెంటనే తెలిసింది. మాటిమాటికీ కరెంటు పోతోందని అప్పుడే నేను ఆవిడకు యూపీఎస్ అమ్మాను. అది వచ్చాక కంప్యూటర్ మధ్యలో ఆగలేదు, ముక్కలు మిగల్లేదు. ఆ రెండున్నర పుస్తకాల తల్లుల పేర్లు ఇక లేవు. టీచర్‌గారు ఆ వరసల్లో మళ్ళీ రెండు గడులు పెట్టి ఖాళీగా వదిలేశారు. కలిపేస్తే ఎప్పుడూ లేనట్టే ఉంటుందయ్యా, ఖాళీ కనబడాలి అన్నారు. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు ముందు 1958 దగ్గరకు వెళ్ళాం. నాలుగో పుస్తకంలో ఉంది. ఆవిడ పెద్దింటమ్మను లోపలికి పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడ్డారు. వరస మీద వేలు పెట్టి, మాకు డిక్టేషన్ చెప్పినట్టే ఒక్కో మాటా విడదీసి చదివారు.

"ఆగస్టు ఇరవై తొమ్మిది. తల్లి, వెంకటనరసమ్మ. తండ్రి, నూకరాజు. ఆడ."

"వెంకటనరసమ్మ" అంది పెద్దింటమ్మ. మళ్ళీ ఒకసారి, ఇంకాస్త మెల్లగా అంది.

టీచర్‌గారి వేలు చివరి గడి మీదికి జరిగి అక్కడ ఆగింది. నన్ను చదవమన్నట్టు చూశారు. నేను చదివాను.

"బిడ్డను అడిగి, ఒళ్ళో వేయించుకుని చూసుకుంది. తర్వాత పోయింది."

పెద్దింటమ్మ నన్ను ఇంకోసారి చదవమంది. చదివాను. మూడోసారి అడగకుండానే చదివాను.

"ఎంతసేపు చూసిందో రాశారాండి?"

"లేదమ్మా" అన్నారు టీచర్‌గారు.

"పోన్లెండి" అంది పెద్దింటమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "చూసిందిగా."