మేస్త్రీని వేటాడిన జోజి

బోరబండలో మెట్ల వీధి పైన రెండు గదుల వాటాలో ఉంటాడు జోజి. తెనాలి దగ్గర పల్లె నుంచి పంతొమ్మిదో ఏట హైదరాబాదు వచ్చి, పద్దెనిమిదేళ్లకు పైగా సినిమాల్లో ఫైటర్‌గా చేశాడు. తెర మీద అతని ముఖం ఎవరికీ గుర్తుండదు. హీరో తంతే బండి మీద నుంచి ఎగిరిపడింది అతనే, హీరోకి డూప్‌గా అద్దం పగలగొట్టుకుని దూకిందీ అతనే. 2009లో ఒక షూటింగ్‌లో నడుముకు తాడు కట్టి గాల్లోకి ఎగరేసే రోప్ షాట్ చేస్తుండగా తాడు లాగేవాళ్లు అర సెకను ముందు లాగారు. బాల్కనీ ఇనుప కమ్మీకి కొట్టుకుని ఎడమచేతి మణికట్టు నుజ్జయిపోయింది. ప్లేట్లు వేసి అతికించారు గానీ చివరి మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం పనిచేస్తాయి.

ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌లో ఫైట్ల సామాను అద్దెకిచ్చే గోడౌన్‌లో పనికి కుదిరాడు. పరుపులు, తాళ్లు, నడుముకు కట్టే బెల్టులు షూటింగులకు వెళ్లేముందు ఒక్కొక్కటీ పట్టి చూసి పంపాలి. అతను వద్దన్న తాడును ఎంత పెద్ద ఫైట్ మాస్టరైనా వాడడు.

అలాంటి మనిషి వీడియో గేముల్లోకి రావడానికి కారణం కూతురు తబిత. ఆ అమ్మాయి జూబ్లీహిల్స్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఒక కంపెనీలో పనిచేస్తుంది. 2018లో వాళ్లకు ఒక సినిమాలో పెద్ద మృగం చేసే పని వచ్చింది. మృగాలు ఎలా కదులుతాయో చూడమని పైవాళ్లు చెబితే, తబిత మృగాలను వేటాడే ఒక గేము కొని ఇంట్లో కంప్యూటర్‌లో ఆడటం మొదలుపెట్టింది. ఇంటంత మృగాలు, వాటి ముందు చీమలాంటి వేటగాళ్లు. మృగంలో ఇంకా ఎంత ప్రాణం ఉందో గేము చూపించదు. అది కుంటుతోందా, నోట్లోంచి సొంగ కారుతోందా అని చూసి మనమే తెలుసుకోవాలి.

జోజి వెనక మంచం మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు. ఆటలో తబిత అప్పటికి మూడుసార్లు చచ్చింది. "దాని బరువంతా ముందు కాలి మీదుంది, ఇప్పుడు కుడివైపు దూకుద్ది చూడు" అన్నాడు. దూకింది. "ఇప్పుడు తోక తిప్పుద్ది, కిందకి వంగు." తిప్పింది. తబిత వెనక్కి తిరిగి చూసి, లేచి కుర్చీ ఇచ్చింది.

ఆ కుర్చీ మళ్లీ ఆమెకు దొరకలేదు. ఎదుటివాడి భుజం కదలగానే దెబ్బ ఎటు వస్తుందో పసిగట్టడం జోజి ఇన్నేళ్లు చేసిన పనే. కుడిచేత్తో మౌస్, ఎడమచేతి రెండు వేళ్లతో నాలుగైదు మీటలు; కత్తి తిప్పడం, దొర్లడం, దూకడం అన్నీ వాటిలోనే సర్దుకున్నాడు. ఏడాదిన్నరలో ఆ గేములో ఉన్న మృగాలన్నిటినీ పడగొట్టాడు. మరో ముగ్గురితో జట్టు కూడా కుదిరింది. జోజి వాళ్లలో ఎవరినీ ఎప్పుడూ చూడలేదు, చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుకోవడమే. జట్టును పోగేసింది మధురానగర్‌లో ఉండే నాగసాయి, బ్యాంకు ఉద్యోగి. అతని సహోద్యోగి రఘునందన్, విశాఖలో కాలేజీలో పాఠాలు చెప్పే నిహారిక మిగతా ఇద్దరు. శనివారం సాయంత్రం, ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం వేట. మృగం ఏం చేయబోతోందో జోజి ముందే చెబుతుంటే మిగతావాళ్లు తప్పుకునేవాళ్లు. "జోజి గారు ఉంటే మనం పడం" అనేది నిహారిక. చెయ్యి సంగతి మాత్రం అతను వాళ్లకు చెప్పలేదు.

ఆ గేముకు కొత్త భాగం వస్తోందని తెలిసినప్పటి నుంచి జోజికి అదే ధ్యాస. మంచు దేశం, కొత్త మృగాలు. టీవీకి తగిలించి ఆడే పెట్టెల వాళ్లకు ముందు ఇచ్చారు. కంప్యూటర్ వాళ్లు ఇంకో నాలుగు నెలలు ఆగాలన్నారు. జోజి ఆగాడు. ముందే చూస్తే మజా పోతుందని ఒక్క వీడియో కూడా చూడలేదు. 2020 జనవరిలో అది వచ్చింది. బోరబండ ఇంటర్నెట్‌లో అది కంప్యూటర్‌లోకి దిగడానికి ఒకటిన్నర రోజు పట్టింది. జోజి గోడౌన్‌కు సెలవు పెట్టి కూర్చున్నాడు.

తెర మీద మంచు కురిసింది. వేటగాడు రెండడుగులు వేశాడు, బిగుసుకుపోయాడు, మళ్లీ కదిలాడు. పాత కంప్యూటర్ కొత్త భాగం బరువు మోయలేకపోతోంది. తబిత ఆఫీసు నుంచి వచ్చి బొమ్మల హంగులన్నీ తగ్గించింది. నీడలు తీసేసింది, గడ్డి తీసేసింది, చివరికి మంచు గోడకు కొట్టిన సున్నంలా కనిపించసాగింది. అయినా పది సెకన్లకొకసారి బొమ్మ ఆగిపోతూనే ఉంది. వేడి తగ్గుతుందని జోజి కంప్యూటర్‌కు ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టాడు. జనవరి చలిలో ఫ్యానేంటని భార్య సరోజమ్మ దుప్పటి కప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మిగతావాళ్లకైతే ఆ ఆగడం చిరాకు మాత్రమే. జోజికి అది అంతకంటే ఎక్కువ. మృగం తోక లేవడం చూస్తాడు, వేలు మీట మీదకు వెళుతుంది, బొమ్మ ఆగుతుంది. మళ్లీ కదిలేసరికి తోక తగిలి, వేటగాడు మంచులో పడి ఉంటాడు. తన తప్పు లేకుండా అర సెకను తేడాతో దెబ్బ తినడం ఏమిటో అతనికి బాగా తెలుసు. తబిత చేత ఇంగ్లీషులో రాయించి గేము కంపెనీకి మెయిల్ పంపాడు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని అదే నిమిషంలో జవాబు వచ్చింది. "చదవకుండానే విలువ కట్టారే" అన్నాడు జోజి.

దానికి తోడు కొక్కెం. కొత్త భాగంలో వేటగాడి చేతికి తాడున్న కొక్కెం ఒకటి ఇచ్చారు. దాన్ని మృగం మీదకు విసిరి, ఎగిరి వెళ్లి దాని ఒంటిని పట్టుకుని తోలు చీల్చాలి. అలా చీల్చిన చోటే కత్తి దిగుతుంది. చీల్చకపోతే రాయి మీద కొట్టినట్టే. అయితే కొక్కెం వేయాలంటే ఎడమచేత్తో ఒక మీటను నొక్కి పట్టి ఉంచి, అదే చేత్తో ఇంకో రెండు నొక్కాలి. జోజికి ఉన్నవి రెండు వేళ్లు. మీటలు అటూ ఇటూ మార్చి చూశాడు. మౌస్‌కున్న మీటలు అప్పటికే నిండిపోయాయి. మోచేత్తో ప్రయత్నించాడు. ఒకసారి గడ్డం కూడా ఆనించి చూశాడు, అది చూసి సరోజమ్మ నవ్వితే రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ మంచు దేశంలో ఒక మృగం ఉంది. తెల్లటి జూలు, వెడల్పాటి తోక. ఆ తోకతో నేలను గీసి వేటగాళ్ల చుట్టూ మంచు గోడలు లేపుతుంది. నాగసాయి దానికి మేస్త్రీ అని పేరు పెట్టాడు. జట్టులో నలుగురూ కలిసి మూడుసార్లు పడిపోతే వేట అక్కడితో ముగుస్తుంది, అందరూ ఉత్త చేతులతో వెనక్కి రావాలి. మొదటి శనివారం ఆ మూడుసార్లూ పడింది జోజే. ఆదివారం మళ్లీ అంతే. మూడో వారం నాగసాయి ఉండబట్టలేక అడిగాడు.

"జోజి గారూ, మీరు హుక్ వెయ్యట్లేదేంటండీ?"

"అలవాటవ్వాలి కదా" అన్నాడు జోజి.

ఫిబ్రవరి మొదటి శనివారం సాయంత్రం ఏడింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే ఎవరూ పిలవలేదు. స్నేహితుల పట్టికలో చూస్తే ముగ్గురూ వేటలోనే ఉన్నారు. నాలుగో స్థానంలో ఎవరో కొత్త పేరు. జోజి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్లను తప్పుపట్టలేకపోయాడు. ఫైట్ మాస్టర్‌గా తను ఉన్నా అదే చేసేవాడు. అది తెలిసినందుకు ఇంకా కడుపు మండింది.

ఒంటరిగా మేస్త్రీ మీదకు వెళ్లడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఆరింటికి లేచి, పనికి వెళ్లేలోపు ఒక వేట. యాభై నిమిషాల గడువు. నలభై నిమిషాలు తప్పించుకుంటూ కొట్టినా కొక్కెం లేని దెబ్బలకు అది కుంటడం కూడా మొదలుపెట్టదు. తండ్రి అవస్థ చూడలేక ఒక రోజు తబిత అంది.

"ఈ ఒక్కదాన్నీ నేను చంపిపెడతా డాడీ. తర్వాత నుంచి నువ్వు ఆడుకో."

"నాకు డూప్ అక్కర్లేదు" అన్నాడు జోజి.

ఆ మాట అన్నది బతుకంతా ఇంకొకడి దెబ్బలు తను తిన్నవాడు.

ఇంట్లో కోపం గోడౌన్‌కు పాకింది. షేక్‌పేటలో వెల్డింగ్ షాపున్న రాములు, ఫైట్లకు కావలసిన ఇనుప సామాను చేసి ఇస్తుంటాడు. అతను తెచ్చిన, తాడు నడిచే కప్పీ కొంచెం బిగుతుగా తిరుగుతోందని జోజి నలుగురి ముందూ కేకలేశాడు. రాములు జనం వెళ్లాక పక్కన కూర్చుని ఏమైందని అడిగాడు. జోజి చెప్పాడు.

"ఏందన్నా, ఆట కోసమా గిదంత?" రాములు నవ్వాడు. జోజి ముఖం చూసి నవ్వు ఆపాడు. "చెయ్యి కాకుంటే కాలున్నది గదా. కాలుతోని తొక్కేతట్టు చేస్తే అయితదా?"

ఆ ఆదివారం తబిత ఒక పాత కీబోర్డు విప్పి, లోపలి పలకకు రెండు తీగలు అతికించింది. రాములు ఇనుపరేకుతో, తొక్కితే ఆ తీగలు కలిసేలా పెడల్ చేసి, కింద స్ప్రింగ్ పెట్టాడు. మొదటి స్ప్రింగ్ మరీ గట్టిది. తొక్కాక ఆలస్యంగా తగిలేది. జోజి చిరాకెత్తి దాన్ని మెట్ల మీద నుంచి విసిరేశాడు. తర్వాత తనే దిగి వెళ్లి తెచ్చుకున్నాడు. రాములు విసుక్కోకుండా పాత బైక్ క్లచ్ స్ప్రింగ్ ఒకటి వేసి చూశాడు. అది సరిపోయింది. కాలు తొక్కి పట్టి, రెండు వేళ్లతో మిగతా మీటలు నొక్కితే వేటగాడి చేతిలోంచి కొక్కెం ఎగిరి మేస్త్రీ మెడకు తగులుకుంది.

అంతా బాగుపడిందని కాదు. ఇన్నేళ్లు పిడికిలితో ఆలోచించినవాడికి కాలితో ఆలోచించడం రాలేదు. దొర్లబోయి కొక్కెం వేసేవాడు, కొక్కెం వేయబోయి గోడకు గుద్దుకునేవాడు. ఫిబ్రవరి చివర్లో కంపెనీ ఒక మార్పు పంపింది. బొమ్మ ఆగడం తగ్గింది, పూర్తిగా పోలేదు. పంతొమ్మిదిసార్లు ఒంటరిగా వెళ్లి పంతొమ్మిదిసార్లూ ఓడిపోయాడు. ఇరవయ్యోసారి మొదలుపెట్టబోయి ఆపి, నాగసాయికి ఫోన్ చేశాడు. పెడల్ సంగతి చెప్పాల్సి వచ్చింది, దాని వెనకాల చెయ్యి సంగతి, దాని వెనకాల రోప్ షాట్ సంగతి.

"ముందే చెప్పాల్సిందండీ" అన్నాడు నాగసాయి.

"చెప్తే ఏం చేసేవాళ్లు?"

"మీ కోసం నెమ్మదిగా ఆడేవాళ్లం."

"అందుకే చెప్పలేదు" అన్నాడు జోజి.

నాగసాయి నొచ్చుకున్నట్టు తెలిసింది. కానీ ఫోన్ పెట్టేయలేదు. ఆదివారం మూడింటికి రమ్మన్నాడు. వాళ్లు ముగ్గురూ మేస్త్రీని ఎప్పుడో చంపి చాలా ముందుకు వెళ్లిపోయారట. అయినా జోజి కోసం వెనక్కి వచ్చారు, అది కూడా జోజికి మింగుడుపడలేదు. ఆ రోజు రఘునందన్ ఒకసారి పడ్డాడు, నిహారిక ఒకసారి. మేస్త్రీ కుంటడం మొదలుపెట్టింది. జోజి కొక్కెం వేయడానికి తొక్కాడు, బొమ్మ ఆగింది. కదిలేసరికి అతని వేటగాడు నేల మీదున్నాడు. వేట ముగిసింది. జోజి, సరోజమ్మ ఆ ఇంట్లో ఎప్పుడూ వినని బూతు ఒకటి అనేశాడు, తర్వాత ప్రార్థన పుస్తకం ఉన్నవైపు చూసి తల దించుకున్నాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లారు. ముప్ఫై ఆరో నిమిషంలో మేస్త్రీ రెండు గోడల మధ్య అందరినీ ఇరికించింది. తోక సగం లేచింది. "వెనక్కి కాదు, దాని కిందకు దూరండి" అన్నాడు జోజి. ముగ్గురూ దూరారు. అతను తొక్కి కొక్కెం విసిరాడు. ఈసారి బొమ్మ ఆగలేదు. మెడ మీద తోలు చీలింది, నాగసాయి కత్తి అక్కడే దిగింది. మేస్త్రీ తను కట్టిన గోడ మీదే కూలింది.

హెడ్‌ఫోన్‌లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. జోజి కుర్చీకి వెనక్కి వాలాడు. ఇన్నాళ్లు ఈ క్షణం కోసమే కాచుకున్నా, వచ్చింది సంతోషం కాదు. ఇదే పని జనవరిలోనే అయ్యేది కదా అన్న కోపం. మంచి కంప్యూటర్, ఐదు వేళ్లు ఉన్నవాడికి పది నిమిషాల పని తనకు రెండు నెలలు పట్టింది. కాలు తిమ్మిరెక్కింది. తబిత మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తెర మీద పడి ఉన్న మృగాన్ని చూసి, "కూలేటప్పుడు దాని బరువు ఎటు పోయిందో చూశావా డాడీ?" అని అడిగింది. జోజి చూశాడు. చెప్పాడు. చెబుతూ చెబుతూ లేచి నిలబడి, భుజం వంచి చూపించాడు.

ఆ తర్వాతి మృగం గాలిలో ఎగిరేది. దానితో మొదటి వేటలోనే జోజి రెండుసార్లు పడ్డాడు. మూడోసారి పడి వేట పోగొట్టింది మాత్రం నాగసాయి.