బాన్సువాడ నుంచి మహాసభకు ఇద్దరం

ఆ ఏడు స్వరాజ్యం కోసం పోరాడే పార్టీ మహాసభ పట్నంలో కాకుండా, బ్రిటిషు ఇలాకాలో ఖాందేశ్‌లోని ఒక పల్లెలో జరుగుతుందని పత్రికలో చదివాం. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చి అప్పటికి నాలుగైదేళ్లు. బాన్సువాడ పఠన మందిరంలో పదిమందిమి కూర్చుని, మన తాలూకా నుంచి కూడా ఎవరైనా వెళ్లి వెట్టి సంగతి అక్కడ చెప్పాలనుకున్నాం. నేను దర్జీని. రెవెన్యూ గిర్దావరు మా ఊళ్లో మకాం వేసినప్పుడల్లా కూలి లేకుండా ఆయన ఇంటిల్లిపాదికీ కుట్టినవాణ్ని. ఉర్దూ చదువుకున్నాను. అందుకని నన్ను ఎన్నుకున్నారు. తోడుగా వర్ని దగ్గర పొలం కొని స్థిరపడిన గుంటూరు రైతు వెంకయ్యగారు. ఆయనకు తెలుగు తప్ప మరో భాష రాదు. కాని అంతకుముందు రెండు మహాసభలు చూసిన మనిషి.

బుధవారం ఉదయం ఆరింటికి బస్సెక్కాను. ఏడున్నరకు వర్నిలో వెంకయ్యగారు పులిహోర డబ్బాతో, దుప్పటి చుట్టతో ఎక్కారు. తొమ్మిదిన్నరకు నిజామాబాదు చేరి పదకొండున్నర రైలు పట్టుకున్నాం. మూడో తరగతిలో కూర్చోడానికి చోటు దొరికింది. బాసర వంతెన మీద అందరూ గోదావరికి దండం పెట్టారు. ధర్మాబాదులో ఎక్కిన ఒక మిరపకాయల వ్యాపారి మా సంగతంతా విని, “మీరు గంత దూరం పోయి చెప్తే గిర్దావరుకు ఇనవడ్తదా?” అని అడిగాడు.

“ఇనవడ్తదో లేదో పోతె ఎర్కయితది” అన్నాను.

తెల్లవారి మన్మాడులో దిగాం. మన సంస్థానం నాణెం హాలీ సిక్కా అక్కడ చెల్లదు. బ్రిటిషు వాళ్ల కల్దారు నాణేలకు మార్చుకుని టీ తాగి, తొమ్మిదింటికి పెద్ద లైను రైలెక్కాం. భుసావల్‌లో మరో బండి మారి, నాలుగింటికి ఒక చిన్న స్టేషన్లో దిగాం. అక్కణ్నుంచి ఎడ్లబండి. చలికాలంలో అటు వెళ్లేవాళ్లు దుప్పట్లు రెండేసి తీసుకెళ్లాలి, చలి చాలా ఎక్కువ. మహాసభ కోసం పొలాల్లో వెదురు తడికెలతో ఒక ఊరే కట్టారు. వీధులు, వంటశాలలు, దవాఖాన, అన్నీ వెదురే.

చిక్కు ఆంధ్ర శిబిరంలో వచ్చింది. సంస్థానాల నుంచి వచ్చినవాళ్లకు ప్రతినిధి టికెట్టు ఇవ్వరట. వెంకయ్యగారి పేరు ఆయన పాత జిల్లా గుంటూరు జాబితాలో ఇంకా ఉంది కాబట్టి ఆయనకు ఒకటి దొరికింది. నాకు ప్రేక్షకుల టికెట్టు ఇచ్చారు. వెట్టి చేసింది నేను, లోపలికి పోయేది ఆయన. ఆ సాయంత్రమంతా నేను చెప్పవలసిన మాటలు ఉర్దూలో ఆయనకు నేర్పాను. పాపం, నాలుగు ముక్కలు పట్టుబడేలోపు మొదటి రెండూ మరిచిపోయేవారు.

మర్నాడు పదింటికి సంస్థానాల తీర్మానం మీద చర్చ మొదలైంది. నేను తడిక అవతల నిలబడ్డాను. పదకొండున్నరకు వెంకయ్యగారిని పిలిచారు. ఆయన లేచి తెలుగులోనే అన్నారు.

“అయ్యా, నాకు మీ భాష రాదండి. నేను వెట్టి చేసినవాణ్ని కూడా కాదు. చేసినాయన అదిగో, ఆ తడిక పక్కన నిలబడి ఉన్నాడు. నా రెండు నిమిషాలూ ఆయనకివ్వండి.”

ఎవరో దాన్ని హిందుస్తానీలో చెప్పారు. ప్రతినిధి కానివాడు ఎలా మాట్లాడతాడని ఇద్దరు అడ్డుపడ్డారు. అధ్యక్షుడు పక్కవాళ్లతో ఏదో మాట్లాడి, రమ్మని చెయ్యి ఊపాడు.

అనుకున్న ఉపన్యాసం ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. మా బిడ్డ లక్ష్మికి జ్వరం వచ్చిన రోజు గురించి చెప్పాను. దవాఖానకు తీసుకుపోతానంటే గిర్దావరు జవాను ఒప్పుకోలేదు. షేర్వానీ పూర్తయ్యేదాకా మిషను ముందు నుంచి లేవనివ్వలేదు. రెండో రోజు తీసుకుపోయాను. బిడ్డ బతికింది గాని చెవులు పోయాయి. అంతవరకు చెప్పేసరికి గంట మోగింది.

నాలుగింటికి తీర్మానం నెగ్గింది. అందులో వెట్టి అన్న మాట లేదు. ముసాయిదా ముందే అచ్చయిందని కార్యాలయంలో చెప్పారు. కాఠియావాడ్ సంస్థానాల నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చి, తమ దగ్గరా ఇంతేనని చెప్పి, పాప పేరు అడిగి రాసుకున్నాడు.

భోజనాల దగ్గర వెంకయ్యగారు రొట్టె తుంచకుండా కూర్చున్నారు. “ఏమనుకోకండి లింగన్నా. పాప సంగతి ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదే” అన్నారు.

“చెప్పేటందుకు నోరు రాలే వెంకయ్యగారు. ఇగ తినుండ్రి” అన్నాను.

ఆదివారం తిరుగు ప్రయాణం. మహాసభకు పోయొచ్చినవాళ్లను నిజామాబాదులో పోలీసులు సోదా చేస్తారని రైల్లో అనుకుంటున్నారు. మిషను సామాను కొనడానికి వెళ్లామని చెబుదామన్నారు వెంకయ్యగారు. నేను సరేనన్నాను. సోమవారం మధ్యాహ్నం రెండింటికి దిగాం. గేటు దగ్గర పోలీసు అమీను నన్ను ఆపి, ఎక్కడి నుంచి వస్తున్నావని ఉర్దూలో అడిగాడు.

“మహాసభకు పోయొచ్చిన సాబ్. రెండు నిమిషాలు మాట్లాడిన” అని ఉర్దూలోనే చెప్పాను. నా నోటి నుంచి అదే వచ్చింది.

ఏం మాట్లాడావన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఈసారి గంట మోగలేదు. ఆయన విని, “ఇప్పుడు బిడ్డకు వినిపిస్తుందా?” అని అడిగాడు.

“లేదు సాబ్. పెదవులు చూసి తెలుసుకుంటది.”

నా పేరు, ఊరు పుస్తకంలో రాసుకుని వెళ్లమన్నాడు.

మూడున్నర బస్సులో ఊరికి బయల్దేరాం. ఇంత దూరం పోయి ఏం సాధించానా అని లెక్క వేసుకున్నాను. అచ్చయిన తీర్మానంలో మా మాట లేదు, పోలీసు పుస్తకంలో మాత్రం నా పేరు ఉంది. అయినా ఇంట్లో కూడా ఎన్నడూ ఎత్తని సంగతిని ఆ వారంలో రెండుసార్లు ఇతరులకు చెప్పాను. వర్నిలో వెంకయ్యగారు దిగిపోయాక, గిర్దావరు వచ్చే నెల మకాంకు వచ్చినప్పుడు కుట్టడానికి బట్ట తీసుకోకుండా ఆయనకే ఈ సంగతి చెప్పాలని నిశ్చయించుకున్నాను.