తాత ఎత్తని చెయ్యి

నా చిన్నప్పుడు లండన్ పార్లమెంటు మా ఇంటి వసారాలో జరిగేది. పలమనేరు దగ్గర పల్లె మాది. మా తాత చిత్తూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారు. సాయంత్రం పాలు పితకడం అయిపోగానే పిల్లలందరినీ రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో సుద్దముక్కతో రెండు గీతలు గీసేవాడు. అక్కడి సభ్యులు ఒకప్పుడు కత్తులు కట్టుకుని తిరిగేవాళ్లట. కత్తి చాచినా అవతలివాడికి తగలనంత ఎడం ఉండాలని ఆ గీతలు. గీత దాటకుండా ఎంతైనా అరుచుకోవచ్చు. నాకు ఆ అరవడమే ఇష్టం.

తాతకు ఇష్టమైన పద్ధతి వేరే ఉంది. ఒక పక్షం మనిషి జబ్బుపడో, ఇంట్లో కష్టమొచ్చో ఓటుకు రాలేకపోతే, లెక్క చెడకుండా అవతలి పక్షంలో ఒకాయన కూడా ఓటెయ్యకుండా ఆగిపోతాడట. అంతా నోటిమాట మీదే. ఇది చెప్పేటప్పుడు తాత గొంతు మెత్తబడేది.

అప్పుడాయన పంచాయతీ మెంబరు. హైస్కూలు మా ఊళ్లో కట్టాలా, ఏటికవతలి పల్లెలో కట్టాలా అని చేతులెత్తి తేల్చాల్సిన రోజొచ్చింది. రెండు పల్లెలకూ ఒకటే పంచాయతీ, మెంబర్లు సరిసమానం. సమానంగా తేలితే ప్రెసిడెంటు మాటే చెల్లుతుంది, ఆయనేమో అవతలి పల్లె మనిషి. నాకు ఐదో తరగతి అయిపోవస్తోంది. మా ఊళ్లో ఆడపిల్లల్ని ఏరు దాటి బడికి పంపేవాళ్లు కాదు.

ముందురోజు సాయంత్రం అవతలి పల్లె మెంబరు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. భార్యను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఓటు పోతుందని తనవాళ్లు కదలనివ్వడం లేదు. ఎప్పుడూ తాతతో పోట్లాడే మనిషి, గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు పోయిరాప్పా," అన్నాడు తాత. "నువ్వు రాలేదంటే నేనూ పోను. ఆయమ్మను సూసుకో."

మర్నాడు తాత వసారాలోంచి కదల్లేదు. మావాళ్లు వచ్చి బతిమాలారు, తిట్టారు. అవతల ఒక చెయ్యి తగ్గింది, తాత వచ్చి చెయ్యెత్తితే బడి మాదే. చివరికి మా అవ్వ కూడా ఊరుకోలేదు.

"లండన్ దొరల బిడ్డలకు బళ్లు శానా ఉండాయి. మన పాపకు యాడుండాది?" అంది.

తాత నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. లేవలేదు.

బడి ఏటికవతలికి పోయింది. తాత ఇంట్లోనే ఎన్ని పాఠాలు చెప్పినా, నా బడి చదువు ఐదుతో ఆగింది. వేలూరు నుంచి ఆయమ్మ మాత్రం తన కాళ్లతో నడుచుకుంటూ తిరిగొచ్చింది.

లండన్‌లో ఆ ఒప్పందం రెండు పక్షాల పెద్దలకూ తెలిసే జరుగుతుందని చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. మా తాత తనవాళ్లకు ముందుగా చెప్పనే లేదు. ఆ తర్వాత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అమ్ముడుపోయాడన్నారు. మా తాత దయ వల్ల గెలిచామని తనవాళ్ల ముందు ఒప్పుకోలేక ఆ మెంబరు కూడా నోరు విప్పలేదు. తాత పోయిన రోజున పాడె పక్కన కూలబడి, "ఈయన మాట నిలబెట్టుకున్నాడప్పా, నేనే నోరు తెరవలేదు," అని అందరి ముందూ ఏడ్చాడు. ఊరంతా అప్పుడు నమ్మింది. తాత వినలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఆ లండన్ సభ చూపిస్తుంటుంది. చదువు పోయిందన్న బాధ ఈ వయసులోనూ తగ్గలేదు. అయినా తాత ఆరోజు వెళ్లుంటే బాగుండేదని నా నోటితో అనలేను. సభలో అరుపులు వినిపిస్తుంటే నా కళ్లు బెంచీల మీద ఖాళీ చోటు కోసం వెతుకుతాయి. అక్కడ కూర్చోవాల్సిన మనిషి, ఎవరి కోసం ఇంట్లో ఆగిపోయాడో అనుకుంటాను.