పట్టా మడతల్లో గుడ్డ

రసూల్‌బీ కుదురుగా కూర్చునే మనిషి కాదు. చలమయ్య మిరప కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లంతా పొద్దుగూకేదాకా పీటల మీద నుంచి కదలరు. ఈవిడ మాత్రం కాలుగాలిన పిల్లిలా లేస్తుంది, కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. పక్క పీట ఎలీసమ్మది. ఆ నోరు ఊరికే ఉండదు.

"ఏంది రసూల్‌బీ, పీట మీద చీమలున్నాయా? కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

అందరూ నవ్వేవాళ్లు. రసూల్‌బీ కూడా నవ్వేది. కానీ ఆమె భయమంతా రాబోయే తుమ్ము గురించే.

మూడో కాన్పయ్యాక పచ్చి ఒళ్లు ఆరకముందే పొలానికి పోయి పత్తి మూట నెత్తికెత్తుకుంది. అప్పట్నుంచీ కింద ఏదో జారినట్టు బరువు. ముట్లుడిగాక అది మరీ ఎక్కువైంది. తుమ్మినా, దగ్గినా, మిరపకాయల టిక్కీ బస్తాకి ఓ చెయ్యేసి ఎత్తినా ఒంటేలు జారిపోయేది. మిరప కల్లంలో తుమ్మకుండా కూర్చోమనడం చెరువులో దిగి తడవకుండా రమ్మన్నట్టే కదా! అందుకని పాత చీరలు చింపి మడతలు పెట్టుకునేది. ఎండలు మండిపోతున్నా మంచినీళ్లు ముట్టేది కాదు. ఒళ్లు పాక్‌గా, శుద్ధిగా లేదని నమాజు మానేసి, అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పింది. అబద్ధం చెప్పినందుకు ఒక బాధ, నమాజు పోయినందుకు ఇంకో బాధ.

గుడ్డలు ఉతకడం తేలికే, ఆరెయ్యడమే గండం. దండెం చూస్తే రోడ్డు వైపుంది. ముట్లు ఆగి ఏళ్లు దాటిన మనిషికి ఈ గుడ్డలేంటని అడగడానికి ఊళ్లో నోళ్లకు కొదవా? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. రాత్రిళ్లు మంచు పడకుండా మిరపకాయల మీద కప్పే టార్పాలిన్ పట్టాలను పాతబడ్డాక మడిచి కల్లం చివర పడేస్తారు. ఆ మడతల్లో దూరిస్తే సాయంత్రానికి గుడ్డ ఎండి గలగలలాడేది. తన తెలివికి తనే మురిసిపోయింది, పిచ్చిది.

నాలుగు రోజులు తిరక్కుండానే మంట మొదలైంది. నిప్పుల మీద కూర్చున్నట్టుంది. కొబ్బరినూనె రాసినా తగ్గలేదు. అల్లా తనకు శిక్ష వేశాడనే అనుకుంది. ఇక తట్టుకోలేక, కళ్లు చూపించుకొస్తానని మొగుడు గఫూర్‌కు చెప్పి ఒక్కతే గుంటూరు బస్సెక్కింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు జయకుమారి పరీక్ష చేసి, "మూత్రసంచి కిందికి జారిందమ్మా. దగ్గితే పడిపోయేది అందుకే. ఇది చాలామంది ఆడవాళ్లకు ఉండేదే, నీ తప్పేం కాదు. మరి ఈ మంటేంటి? గుడ్డలెక్కడ ఆరేస్తున్నావు?" అంది.

రసూల్‌బీ తలొంచుకుని చెప్పింది.

"కారం తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నావా తల్లీ!" డాక్టరమ్మ తల పట్టుకుంది. రసూల్‌బీకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ నవ్వుకి కూడా కాస్త తడిసింది.

నీళ్లు మానొద్దంది, బరువులెత్తొద్దంది. కింది కండరాలు బిగించి వదిలే కసరత్తు నేర్పింది. "నీకిది బాగా జారింది, ఆపరేషనే మంచిది. చేరేటప్పుడు ఒక ఆడతోడును తెచ్చుకో" అని చెప్పి పంపింది.

మంట రెండ్రోజుల్లో చల్లారింది గానీ ఆ తోడు అన్న మాట మాత్రం నిలవనివ్వలేదు. ఎవర్ని అడగాలి? కోడలు నగ్మాకు చెబితే కొడుక్కి తెలుస్తుంది. కొడుకు ముందు తలెత్తుకుని ఎలా తిరగడం? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. పొయ్యి దగ్గర నిలబడదు, మంచం మీద కూర్చోదు, వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. చివరికి ఆపరేషనూ వద్దు ఏమీ వద్దు, ఇట్టాగే చస్తానని తీర్మానించుకుంది.

మర్నాడు, పట్టాలో మిగిలిపోయిన గుడ్డ తెచ్చేసుకుందామని అందరికంటే ముందు కల్లానికి పోయింది. పట్టా మడత ఎత్తితే తన గుడ్డ పక్కన ఇంకొకటి ఉంది. చిలకపచ్చ చీరాల చీర ముక్క. ఆ చీర క్రిస్మస్‌కి కట్టుకుని ఎలీసమ్మ వీధంతా తిరిగొచ్చింది. ముళ్లకంపకు తగిలి చిరిగిందని మొన్ననే చెప్పింది కూడా.

వెనక అడుగుల చప్పుడైంది. ఎలీసమ్మే. ఆ గుడ్డను చూడగానే మొహం పాలిపోయింది.

"అదెవరిదో... గాలికి కొట్టుకొచ్చుంటది."

"మంటగా ఉందా ఎలీసమ్మా?"

ఎలీసమ్మ తల దించుకుని ఔనన్నట్టు ఊపింది. రసూల్‌బీ తన గుడ్డ కూడా తీసి ఆ పచ్చగుడ్డ పక్కన పెట్టింది.

"అది మిరపకారం మంట. నాకూ వచ్చింది. ఇక్కడ ఆరెయ్యమాక. గుంటూరులో డాక్టరమ్మ ఉంది, చానా మంచిది. నాకు ఆపరేషన్ చేస్తానంది, తోడు కావాలి. నువ్వు రా. నీదీ చూపిద్దాం."

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రసూల్‌బీకి మాత్రం ఒక్కసారి కోపం ముంచుకొచ్చింది.

"మరి నన్నెందుకే రోజూ అంతమందిలో ఎగతాళి చేశావు?"

"అందరూ నిన్ను చూసి నవ్వుతుంటే," అంది ఎలీసమ్మ, "నా వంక ఎవరూ చూడరని."