రేపు మాస్టారి మొక్కు

ఆయన అసలు పేరు ఒకప్పుడు దుకాణం బోర్డు మీద ఉండేది. ఎండకీ వానకీ ఆ అక్షరాలు వెలిసిపోయాక వీధి వాళ్లే పూనుకుని కొత్త పేరు పెట్టి లోటు తీర్చారు: రేపు మాస్టారు. బట్టలు కుట్టడంలో ఆయనకి వంక పెట్టినవాడు లేడు, కుట్టి ఇవ్వడంలో పెట్టనివాడు లేడు. ఎవరొచ్చి అడిగినా మెడలో టేపు సవరించుకుని, కళ్లజోడు మీదుగా చూసి, "కాజాలొక్కటే మిగిలాయి, రేపు రండి" అనేవాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందని ఆయన వాదన. రేపు రమ్మన్నాడు గానీ, రేపు ఇస్తానన్నాడా?

ఈ పద్ధతి వెనక ఒక సిద్ధాంతం కూడా ఉంది. బట్టలు చేతికందిన మర్నాటి నుంచీ మనిషి ఆ దుకాణం ఉన్న వైపే చూడడు. అదే గుడ్డ ఇక్కడే ఉంటే, తిట్టడానికైనా సరే, తిరిగొస్తాడు. "గుడ్డ నా దగ్గర పెట్టి తిరిగి రానివాడు ఇంతవరకూ లేడు" అని మాస్టారు గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంట్లో శాఖల పంపకం పెళ్లినాడే జరిగిపోయింది. కుట్టు ఆయనది, దేవుడు ఆవిడది. ఆవిడ రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని దేవుడితో ఇంటి సంగతులన్నీ మాట్లాడి లేచేది. ఆ పనిలో తను వేలు పెట్టడం మర్యాద కాదని మాస్టారు అటువైపు పోనేలేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు అని మొదలై, చివరికి ఆవిడ ఆస్పత్రి మంచం ఎక్కేదాకా ఆ ఏర్పాటు సజావుగానే సాగింది.

డాక్టరు మాస్టారినీ, ఆయన కూతుర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. గుండెలో తలుపులాంటిదొకటి సరిగ్గా మూసుకోవడం లేదు. అది తీసేసి కొత్తది పెట్టి కుట్టాలి. ప్రమాదం లేదని చెప్పలేడు, చెయ్యకపోతే అసలు ఆశే లేదు.

కూతురు ఏడ్చింది. మాస్టారు మెడలో టేపు సవరించుకున్నాడు. ఆయన నోట తనకు తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న బయటికొచ్చింది.

"ఒంటి కుట్టా డాక్టరుగారూ, డబుల్ కుట్టా?"

డాక్టరు ఆయన మెడలోని టేపు చూసి అర్థం చేసుకున్నాడు. "డబులే. ఊడదు."

"ఎప్పుడు చేస్తారు?"

"ముందు ఒంట్లో నీరు తగ్గాలి. రేపు చూసి చెబుతాను."

మాస్టారికి ఒళ్లు జల్లుమంది. ఆ మాట లోపల ఏముంటుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఆయన ఆవిడ మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమే, ఆ ప్రార్థన సంగతి... ఇప్పుడెవరు చూస్తున్నారు?"

"నేనే. గుండె పాడైంది గానీ నోరు బాగానే ఉందిగా."

"రోగివీ నువ్వే, సిఫార్సు చేసేదీ నువ్వేనా? వేరే మనిషి అడిగితే బాగుంటుందేమో."

ఆవిడ దిండు మీద తల తిప్పి ఎగాదిగా చూసింది. "మీరా?"

"ఏం, నేనెవరో ఆయనకి తెలీదా?"

"తెలీకేం! పెళ్లయినప్పట్నుంచీ రోజూ మీ మీద ఫిర్యాదులేగా చేస్తున్నాను."

"అయితే పరిచయం అక్కర్లేదన్నమాట" అని మాస్టారు కాస్త తేలికపడ్డాడు. "ఎలా మొదలుపెట్టాలి?"

"కళ్లు మూసుకుని ఉన్నమాట చెప్పండి. మీకు కష్టమే, తెలుసు."

"ఏదైనా మొక్కుకోనా?"

"వద్దండీ బాబూ! ఆపద మొక్కులు సంపద మరుపులని ఊరికే అన్నారా? మీరు రేపు తీరుస్తానంటారు. పాపం ఆయన నమ్మి కూర్చుంటాడు."

మర్నాడు మాస్టారు దుకాణం తలుపు సగం వేసి, మిషను ముందు కూర్చుని, కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకోవడం వరకూ బాగానే కుదిరింది గానీ, ఇన్నేళ్ల అలవాటున్న కాలు ఊరుకోలేదు. ఆయన ప్రార్థిస్తున్నంతసేపూ కింద అది తొక్కుతూనే ఉంది. కళ్లు తెరిచి చూస్తే పోస్టుమాను ప్యాంటుకు ఒక కాలి మూతి నిండుగా, చక్కగా, డబుల్ కుట్టుతో మూసుకుపోయి ఉంది.

కుట్టు విప్పుతూనే ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. "అయ్యా, నేను మా ఆవిడ మొగుణ్ణి. ఆవిడ చెప్పినవన్నీ నిజమే. ఆవిడ్ని బతికించు. నేను రేపట్నుంచీ..." అని నాలుక కరుచుకున్నాడు. "కాదు, ఇవాళ్టి నుంచే. ఆవిడ్ని ఆపరేషనుకి తీసుకెళ్లేలోగా ఈ బీరువాలో ఉన్న ప్రతి బట్టా కుట్టి ఇచ్చేస్తాను."

గాలిలో దీపం పెట్టి, దేవుడా నీదే భారం అనేవాళ్లని చూశాం. బీరువా తలుపు తెరిచి ఆ మాట అన్నవాడు మాస్టారొక్కడే. పైఅరలో ఈ ఏడాది గుడ్డలున్నాయి. కింది అరల్లోకి వెళ్లేకొద్దీ చరిత్ర మొదలైంది.

డాక్టరుగారి రేపు రోజూ ముందుకు జరుగుతూ ఉండగా, ఇటు మిషను ఆగకుండా తిరిగింది. ఎవరూ అడక్కుండానే మాస్టారు చంకలో మూటతో ఇంటింటికీ వెళ్లి బట్టలివ్వడం చూసి వీధి వీధంతా హడలిపోయింది.

పోస్టుమాను ప్యాంటు పట్టుకుని, దాని మీదుగా తన పొట్టకేసి చూసుకున్నాడు. "మాస్టారూ, ఇది ఇచ్చినప్పుడు నేను సన్నగా ఉండేవాణ్ణి."

"కుట్టులోపల గుడ్డ వదిలాను. విప్పిస్తే సరిపోతుంది."

"అంటే మళ్లీ మీకే ఇవ్వాలా?" అని ఆయన ప్యాంటు వెనక్కి దాచుకున్నాడు.

బేకరీ ఆయన తన పెళ్లి కోటు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెళ్లి అరువు కోటుతో అయిపోయింది మాస్టారూ. మావాడికి మీసాలొస్తున్నాయి."

"అయితే వాడి పెళ్లికి ముందే ఇచ్చినట్టు."

"అదేలెండి. ఇంతకీ ఒంట్లో ఎలా ఉంది మీకు? బట్టలు పంచుతున్నారంటే మాకు భయమేసింది."

"నాకేం లేదయ్యా. మా ఆవిడకి" అని మాస్టారు సంగతంతా చెప్పాడు. బేకరీ ఆయన కోటు కౌంటరు మీద పెట్టి, చేతుల పిండి దులుపుకుని, అక్కడికక్కడే కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ వీధి వాళ్లు మాస్టారి గుమ్మంలో నిలబడి దేవుణ్ణి పిలిచారంటే అది ఆయన్ని తిట్టడానికే. ఇప్పుడు వాళ్లే ఆయన భార్య కోసం అదే దేవుణ్ణి పిలిచారు. పాత పరిచయం పనికొచ్చింది.

రేపు మధ్యాహ్నం ఆపరేషను అని డాక్టరు చెప్పేసరికి బీరువా దాదాపు ఖాళీ అయింది. అట్టడుగున ఒక్క పొట్లం మిగిలింది. విప్పితే ముదురు నీలం ఉన్ని గుడ్డ. కూతురు బడిలో చేరిన ఏడు ఆవిడ కోటుకని కొనుక్కున్నది. చాలాకాలం అడిగింది, తర్వాత దెప్పింది, ఆ తర్వాత మానేసింది. ఆ కూతురు ఇప్పుడు అదే బడిలో పంతులమ్మ.

మాస్టారు టేపు ముట్టుకోలేదు. ఆస్పత్రిలో ఆవిడ సగమైంది. ఆ కొలత తీసుకోవడం ఆయనకిష్టం లేదు. పాత కొలత చేతులకి గుర్తుంది, దానికే కత్తిరించాడు. పొద్దుటికల్లా చేతులు, కాలరు, లోపలి అస్తరు, జేబులు, కాజాలు కూడా పూర్తయ్యాయి. గుండీలు వరసగా కుడుతూ చివరిదాని దగ్గరికొచ్చాక సూది ఆగింది.

కుడితే మొక్కు తీరుతుంది. కుడితే బట్ట ఇచ్చేసినట్టే. బట్ట ఇచ్చేశాక తిరిగొచ్చినవాళ్లెవరు?

చాలాసేపు ఆలోచించి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఈసారి కాలు కదల్లేదు. "అయ్యా, అన్నీ ఇచ్చేశాను. ఈ ఒక్క గుండీ మాత్రం నా దగ్గర ఉంచుకుంటున్నాను. మోసం అనుకోకు. ఆవిడ మళ్లీ రావాలి కదా."

మధ్యాహ్నం ఆవిడ్ని చక్రాల మంచం మీదికి మార్చేసరికి మాస్టారు కోటుతో దిగాడు.

"ఏమిటండీ అది?"

"నీ కోటు."

ఆవిడ ఉన్ని మీద చెయ్యేసి నిమిరింది. "ఎవరికీ చెప్పకండి, నమ్మరు." వేళ్లు గుండీల వెంట పైకి వెళ్లి ఆగాయి. "పైదేదీ?"

"కుట్టలేదు."

"అదే అనుకున్నా."

"కావాలనే కుట్టలేదే" అన్నాడు మాస్టారు నేలకేసి చూస్తూ. "గుడ్డ నా దగ్గర పెట్టి తిరిగి రానివాడు ఇంతవరకూ లేడు."

ఆవిడ గుండీ లేని చోటు వేలితో తడిమింది. తర్వాత, "మరి మొక్కో? అమ్మాయి చెప్పిందిలే" అంది.

"ఆయనతో మాట్లాడానులే."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెళ్లయిన కొత్తలో నువ్వూ ఏమీ అనేదానివి కాదు."

"నాన్నా, లోపలికి తీసుకెళ్లేవాళ్లు నిలబడి ఉన్నారు" అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ కోటు ఆయన చేతుల్లోకి తోసేసింది. "మీ దగ్గరే ఉంచండి. వచ్చి అడుగుతాను."

ఆపరేషను గది తలుపులు మూసుకున్నాయి. బయట బెంచీ మీద మాస్టారు ఒళ్లో కోటు పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ప్రార్థన చేస్తున్నావా నాన్నా?"

"చేస్తున్నా."

"పెదాలు కదలడం లేదే?"

"నాకు నోటితో రాదమ్మా" అన్నాడాయన. జేబులో గుండీ వేళ్ల మధ్య తిరుగుతూనే ఉంది.

చీకటి పడే వేళకి డాక్టరు టోపీ తీసేస్తూ బయటికొచ్చాడు. "కుట్టు బాగా కుదిరింది. రేపు మెలకువ వస్తే గండం గడిచినట్టే."

ఆ రేపు వచ్చింది. ఆలస్యంగా, మధ్యాహ్నం దాటాక వచ్చింది గానీ, వచ్చింది. ఆవిడ కళ్లు తెరిచి, ముందు పైకప్పుని చూసింది, తర్వాత కూతుర్ని, ఆ తర్వాత మొగుణ్ణి, ఆయన చేతిమీది నీలం కోటుని. ఎండిన పెదాలు కదిలాయి. మాస్టారు వంగి చెవి దగ్గరగా పెట్టాడు.

"గుండీ?"

గుండీ ఆయన గుప్పిట్లో ఉంది. దారం ఎక్కించిన సూది కాలరుకి గుచ్చే ఉంది. ఆయన సూది తీశాడు, ఆవిడ మొహంకేసి చూశాడు, మళ్లీ కాలరుకే గుచ్చేశాడు.

"రేపు" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు నొప్పొచ్చింది, నొప్పితోపాటు నర్సొచ్చింది.

"నవ్వించకండి తాతగారూ, కుట్లు ఊడిపోతాయి!"

"ఊడవమ్మా" అన్నాడు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ. "డబుల్ కుట్టు. నేను ముందే కనుక్కున్నాను."