గుల్చమన్ దారి ఇవ్వని రోజు

ఆస్ట్రేలియాలోని డాండెనాంగ్‌లో, అఫ్ఘానిస్తాన్ నుంచి వలస వచ్చిన హజారాల ఇళ్ళల్లో గుమ్మం దాటడం చిన్న పని కాదు. ఇద్దరు ఒకేసారి తలుపు దగ్గరికొస్తే "మీరు పదండి" అంటే "మీరుండగా నేనా" అనుకుంటూ లోపల చాయ్ చల్లారేదాకా నిలబడిపోతారు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, ఎదుటివాళ్ళని ముందు పంపినవాళ్ళే మర్యాదస్తులు. ఈ విషయంలో గుల్చమన్‌ని మించినవాళ్ళు లేరు. అఫ్ఘాన్ కొండల్లోని జాఘోరీలో పుట్టి, పాకిస్తాన్‌లోని క్వెట్టాలో పెళ్ళాడి, ఇక్కడికొచ్చి ముగ్గురు పిల్లల్ని కన్న ఈ మనిషి గురించి చుట్టాలు మొదట చెప్పేది ఆ సంగతే. తనకన్నా ఒక్క రోజు పెద్దవాళ్ళున్నా ఆమె ముందు అడుగు వెయ్యదు.

అలాంటి మనిషికి కారు నేర్చుకోవాల్సిన అవసరం వచ్చింది.

ఆ రోజుల్లో ప్రభుత్వం వారికి రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఆడవాళ్ళూ మగవాళ్ళతో సమానంగా సంపాదించుకోవాలన్నది ఒకటి. ఎవరి ఆచారం వాళ్ళు నిలుపుకుంటూ అందరూ కలిసి బతకాలన్నది రెండోది. రెండిటినీ కలిపి, వలస వచ్చిన ఆడవాళ్ళకి ఉచితంగా డ్రైవింగ్ నేర్పించమన్నారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారి తరఫున ఒకావిడ వచ్చింది. తల మీద స్కార్ఫ్ కప్పుకుని, గుల్చమన్ గందన ఆకు కూరి కాల్చిన బొలానీ రొట్టెలు మూడు తిని, "మీ సంస్కృతే మా బలం" అని ఉపన్యాసమిచ్చి, ఫోటోలు దిగి వెళ్ళింది. ఆ రెండు ఆలోచనలూ ఏదో ఒకనాడు రోడ్డు మీద ఢీకొంటాయని ఆవిడకి తట్టలేదు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి ఇలాంటివి తట్టవు.

గుల్చమన్‌కి ఉద్యోగం సిద్ధంగా ఉంది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించి, అన్నం పెట్టి, కాసేపు కబుర్లు చెప్పి రావాలి. చదువు పూర్తి చేసింది, ఇంటర్వ్యూలో మెప్పించింది. లైసెన్సే లేదు. భర్త ఇషాక్ కబేళాలో మాంసం కోసీ కోసీ భుజం పాడు చేసుకున్నాడు. ఈ ఏడాది దాటితే ఇక కత్తి పట్టలేవని డాక్టరు చెప్పేశాడు. అంటే ఇల్లు గడవాలంటే ఆమె స్టీరింగ్ పట్టాలి.

ఇంటికి పెద్ద మాత్రం నౌరోజ్, కర్బలా యాత్ర చేసొచ్చినందుకు అందరికీ కర్బలాయి. చనిపోయిన మామగారికి అన్న. ఆయన మాట ఇషాక్ జవదాటడు. ఆయన గడ్డం నిమురుకుంటూ, "నేర్చుకోనీరా, నేనేం కాదనను. కానీ మన పిల్ల రోడ్డెక్కి మర్యాద తప్పిందని నా చెవిన పడిందా, ఆ కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాలి" అన్నాడు. ఇషాక్ తల ఊపాడు.

నేర్పే ఆవిడ పేరు మౌరీన్. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైంది. గొంతు పెద్దది, మనసు మంచిది. గుల్చమన్ చక్కగా నడిపేది, చక్కగా ఆపేది. ఎటొచ్చీ అవసరం లేనిచోట కూడా ఆపేది.

"ఎందుకాపావమ్మా?"

"పాపం, ఆ పెద్దాయన పక్క సందులోంచి వస్తున్నాడు కదా."

"నువ్వున్నది పెద్ద రోడ్డు. దారి నీది. ఆయన ఆగాలి."

"వయసులో పెద్దాయన కదండీ."

"రోడ్డుకి వయసు తెలీదే తల్లీ!"

మొదటి పరీక్షలో అదే జరిగింది. ఎవరో ముసలాయన సందు చివర కారు ఆపుకుని నిలబడి ఉంటే, గుల్చమన్ నడిరోడ్డు మీద బ్రేకు వేసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, తల వంచి "ముందు మీరు" అని సైగ చేసింది. వెనకాల వ్యాను కీచుమంటూ ఆగింది.  పక్కన కూర్చున్న పరీక్షాధికారి కారు పక్కకి పెట్టమన్నాడు. తప్పావన్నాడు.

ఉద్యోగం ఇచ్చేవాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు. ఆలోగా ఇంకొక్కసారే పరీక్ష దొరికింది. గుల్చమన్ రొట్టెల పిండి పిసుకుతూ నియమాలు పైకి వల్లించడం మొదలుపెట్టింది. అత్తగారు సాబిరా ఆ పక్కనే కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతూ వినేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. బావగారి ఎదుట ఏనాడూ గొంతెత్తి ఎరగదు.

"పెద్ద రోడ్డు మీద నువ్వుంటే దారి నీదేనా?" అని ఒకరోజు అడిగింది.

"అంతేనట అత్తమ్మా."

"సందులోంచి ముల్లాగారొస్తేనో?"

"ముల్లాగారైనా ఆగాల్సిందే."

సాబిరా కాసేపు రాళ్ళు ఏరి, "విడ్డూరం" అంది. కోపంతో అన్నట్టు మాత్రం లేదు.

రెండో పరీక్ష రోజున అధికారి ఆమెని బజారు వైపు తిప్పమన్నాడు.  పొద్దున పూట కర్బలాయి నాన్ కోసం రొట్టెల కొట్టుకి వెళ్తాడని ఊరందరికీ తెలుసు. అనుకున్నట్టే రొట్టెల కొట్టు సందు చివర ఆయన తెల్ల కారు ముక్కు కనిపించింది. అద్దంలోంచి ఆయన ఆమెని చూశాడు. చూసి, కోడలు ఎలాగూ ఆగుతుందన్న ధీమాతో చెయ్యెత్తాడు. నాలుగు అంగుళాలు ముందుకి కూడా కదిలాడు.

ఆమె కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఇషాక్ భుజం గుర్తొచ్చింది. తాళాలూ గుర్తొచ్చాయి. ఆగితే ఉద్యోగం పోతుంది, ఆగకపోతే తాళాలు పోతాయి.  రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి, ఎదురుగా చూస్తూ, ఆమె ముందుకే వెళ్ళింది. కర్బలాయి గబుక్కున ఆపుకోవాల్సి వచ్చింది.

పరీక్ష గెలిచింది. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కర్బలాయి కర్ర చప్పుడు చేసుకుంటూ ఇంట్లోకొచ్చి పరుపు మీద కూర్చున్నాడు.

"నేను చెయ్యెత్తాను ఇషాక్! కరెంటు స్తంభాన్ని దాటినట్టు దాటిపోయింది. ఇదేనా మీ సర్కారు నేర్పే సమానత్వం? తాళాలేవీ?"

ఇషాక్ తల దించుకుని జేబు తడుముకున్నాడు. గుల్చమన్ చాయ్ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. మీరు కనబడలేదు పెదమామయ్యా అని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. ఆమె ఆడలేదు.

అప్పుడు సాబిరా పప్పు పళ్ళెం పక్కన పెట్టింది.

"బావగారూ, మీరు ఏ దారిన వచ్చారు? రొట్టెల కొట్టు సందులోంచేనా?"

"అవును, అయితే?"

"కోడలు పెద్ద రోడ్డు మీద ఉందా?"

"ఉంటే?"

"అయితే ఆగాల్సింది మీరు."

 సాబిరా అక్కడితో ఆగలేదు.

"కొండలు దాటి క్వెట్టా చేరేదాకా మీ వెనకే నడిచాను. మీరు ఆగమన్నచోట ఆగాను. నా చంటిదాన్ని దారిలో పాతిపెట్టినప్పుడు కూడా, ఇక పదండి అంటే లేచి నడిచాను. ఎప్పుడైనా ఎదురు చెప్పానా? అప్పుడు దారి మీది. ఇప్పుడు కోడలిది. ఇషాకూ, ఆ తాళాలు జేబులో పెట్టుకో."

కర్బలాయి కర్ర పక్కన పెట్టాడు. ఆ చంటిదాని సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన, "చాయ్ చల్లారిపోయినట్టుంది" అన్నాడు. గుల్చమన్ వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు మళ్ళీ మరగబెడుతూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్తగారు తన కోసం నోరు విప్పుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. వేడి చాయ్ తెచ్చి ముందుగా కర్బలాయికే ఇచ్చింది. ఇంట్లో మర్యాదలు ఇంట్లోవే.

సోమవారం ఉద్యోగానికి బయల్దేరింది. రొట్టెల కొట్టు సందు దగ్గర తెల్ల కారు ముక్కు కనిపించింది. కర్బలాయి ఆమెని చూశాడు. చెయ్యెత్తలేదు, నవ్వలేదు. ఆగాడు.

గుల్చమన్ వెళ్ళిపోయింది.