వలల పెద్దమ్మ రిసార్టు చూడబోయింది

వలల పెద్దమ్మకి వాసనలతో పట్టింపు లేదని అందరూ అనుకునేవాళ్లు. పుట్టింది పడవల మధ్య, పెరిగింది చేపల మధ్య, వయసంతా చిరిగిన వలలు ముందేసుకుని కూర్చున్న మనిషికి ముక్కు ఉంటే ఎంత, లేకపోతే ఎంత! అలాంటి మనిషి రిసార్టు గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, ముక్కు మూసుకుంది.

"ఇదేం కంపే?" అంది కూతురితో.

"కంపు కాదమ్మా, సెంటు. పొద్దస్తమానం కొడుతూనే ఉంటారు. చేపల వాసన గెస్టులకి పడదట."

"చేపల రేవుకొచ్చి చేపల వాసన పడకపోతే మరెందుకు తగలడినట్టు?"

"అబ్బా, మెల్లిగా! నేనిక్కడ ఉద్యోగం చేసుకోవాలి."

కూతురు అక్కడ దుప్పట్లు ఉతికే గదిలో పనిచేస్తుంది. ఏడాదికోసారి పనివాళ్ల ఇంటివాళ్లని ఒకపూట ఊరికే లోపలికి రానిస్తారు. పెద్దమ్మ ఎన్నడూ రాలేదు. ఇప్పుడొచ్చింది కూడా విడ్డూరాలు చూడ్డానికి కాదు, మొగుణ్ణి చూసుకోడానికి.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆయన ఫొటో ఒకే ఒక్కటి ఉండేది. తెడ్డు పట్టుకుని, పడవకి ఆనుకుని, ఎండకి కళ్లు చికిలించి, ఎవరినో తిట్టబోతూ ఆగినట్టుంటాడు. ఇంకోటి తీయించుకోవయ్యా అంటే, "నా మొహం నీకు తెలుసుగా, ఇంకెవరికి చూపించాలి?" అనేవాడు. పోయినేడు రిసార్టు మేనేజరు ఇంటికొచ్చి, నులకమంచం అంచున ఒద్దికగా కూర్చుని, "ఈ రేవు పాతతరం వాళ్ల ఫొటోలకి ఒక గది కడుతున్నామమ్మా. పెద్దాయనది గోడకి నడిమధ్యన పెడతాం" అన్నాడు. ఆ 'పెద్దాయన' అన్న మాటకి పెద్దమ్మ వెన్నలా కరిగిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆయన్ని అంత మాట అన్నవాళ్లు లేరు మరి. ఫ్రేముతో సహా తీసి చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో గోడమీద ఒక తెల్లటి మచ్చ. వల అల్లుతూ అల్లుతూ తలెత్తి ఆ మచ్చనే చూసుకునేది.

ఆ గది ఎక్కడుందో వెతుక్కుంటూ ఇద్దరూ నడిచారు. దారిలో ఒక పడవని సగానికి కోసి, నిట్టనిలువుగా నిలబెట్టి, లోపల తువాళ్లు పేర్చారు. వరండా కప్పుకి నీలంరంగు పులిమిన వలని మేకులతో కొట్టారు, అందులో ప్లాస్టిక్ పీతలు. సముద్రం పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే, దానికి వీపు పెట్టి ఓ సిమెంటు గుంటలో జనం మునుగుతున్నారు.

"ఇంత సముద్రాన్ని పక్కనపెట్టుకుని గుంటలో దిగారేంటే?"

"సముద్రం ఉప్పగా ఉంటుందటమ్మా."

"ఓహో. వీళ్ల కోసం పంచదార కలపాలి కాబోలు."

భోజనాల బల్లమీద ఎవరో కొరికి వదిలేసిన చేప ఉంది. దాని నోట్లో సిగరెట్ పీక గుచ్చి, పక్కన కూర్చున్నవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. చేపని అమ్మిందీ, కోసిందీ, కూర వండిందీ గానీ, చేపతో వేళాకోళమాడిన మనిషిని పెద్దమ్మ చూళ్లేదు. ఉమ్మేద్దామంటే ఎక్కడ చూసినా తివాచీలు. నోట్లోదే మింగింది.

పాతతరం గది దొరికింది. గోడలనిండా సూర్యాస్తమయాలు. మనిషన్నవాడు లేడు.

"ఇంకో గది ఉందేమో" అంది కూతురు. అంటూనే తల తిప్పుకుంది. తల్లికి అనుమానం వచ్చింది. ఇంతలో బయట పచ్చిక మీంచి ఓ పిల్లాడి కేకలు.

"నాన్నా, ఇంకా కిందికి! గడ్డం తగుల్తోంది!"

పెద్దమ్మ అటు నడిచింది. నిలువెత్తు చెక్కబోర్డు. దానిమీద పడవకి ఆనుకుని తెడ్డు పట్టుకున్న జాలరి బొమ్మ. మొహం ఉండాల్సిన చోట గుండ్రటి కంత. కంతలోంచి నల్లకళ్లద్దాల పెద్దమనిషి ఒకడు నాలుక బయటపెట్టి ఇకిలిస్తున్నాడు. పెళ్లాం ఫొటో తీస్తోంది.

తెడ్డు పట్టుకున్న చేతికి చిటికెనవేలు సగమే ఉంది. లంగరు తాడు తెంపేసిన వేలు. ఆ రాత్రి దానికి కట్టు కట్టింది తనే.

"నీకు తెలుసా?" అంది కూతురితో.

"చెబితే నువ్వు ఊరుకోవని..."

"ఫొటో ఏదీ?"

"బొమ్మేసినవాడు పట్టుకుపోయాడు. వాడిప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

పెద్దమ్మ తిన్నగా వంటింటి వెనక్కి నడిచింది. అక్కడ మరిది చేపలు శుభ్రం చేస్తాడు. ఒకప్పుడు అన్నతో పడవెక్కినవాడే. వదినని చూడగానే వాడి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఆ బోర్డుకి కంత కోసింది ఎవరు?"

"వడ్రంగి, వదినా. ముందు బొమ్మ మొత్తం వేశారు. అచ్చం అన్నే. తర్వాత కోశారు."

"కోసిన ముక్కేదీ?"

మరిది చూపు మూలనున్న బకెట్టు మీదికి పోయింది. చేపల పేగులు, మొప్పలు, పొలుసులు వేసే బకెట్టు. దానిమీద గుండ్రటి చెక్క మూత.

"సరిగ్గా సరిపోయిందని వంటాయన పెట్టాడు. బోర్లాగానే ఉంచాను వదినా, మొహం కనపడకుండా..."

"ఎంత మర్యాదరా నీది! అన్న మొహాన్ని చెత్తబకెట్టు మీద బోర్లించి కాపాడావు."

మూత తిప్పింది. నెత్తురు, పొలుసులు, జిగురు. వాటి కిందినుంచి చికిలించిన కళ్లు. పొద్దుట్నుంచి సెంటుకి ముడుచుకున్న ముక్కు ఆ వాసన తగిలేసరికి కాస్త విచ్చుకుంది. ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా ముందు ఈ వాసనే గుమ్మం దాటేది.

చెక్కని ఇసకతో రుద్ది కడిగింది. మరిది చేత అంచు చుట్టూ మేకుతో బెజ్జాలు కొట్టించింది. వల అల్లే సూదీ దారమూ ఆమె నడుముకి ఎప్పుడూ ఉండేవే. బోర్డు దగ్గరికెళ్లి, "లే బాబూ, ఆ మొహానికి సొంతదారు వచ్చాడు" అని కంతలో ఉన్నాయన్ని లేపింది. మరిది బోర్డుకీ బెజ్జాలు కొట్టాడు. కూతురు చుట్టూ ఒకసారి చూసుకుని, ఒక్క క్షణం తటపటాయించి, వచ్చి చెక్క కదలకుండా పట్టుకుంది. లాగేకొద్దీ బిగిసే ముడి వేసుకుంటూ పెద్దమ్మ మొహాన్ని మెడకి కుట్టింది.

తలెత్తేసరికి చుట్టూ జనం. అందరి చేతుల్లో ఫోన్లు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. కూతురు చెక్క వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"పెద్దమ్మగారూ, అద్భుతం! గెస్టులు ఎంత ఆనందిస్తున్నారో చూడండి. రోజూ సాయంత్రం వచ్చి ఇలా కుడతారా? రాత్రి మావాళ్లు విప్పేస్తారు, మర్నాడు మళ్లీ మీరు కుట్టచ్చు."

పెద్దమ్మ అతని మొహంలోకి చూసింది. తిడతాడేమో అనుకుంది, గెంటిస్తాడేమో అనుకుంది. ఇలా మెచ్చుకుంటాడని అనుకోలేదు. ఈసారి తివాచీ లేదు, పచ్చికే. తనివితీరా ఉమ్మింది.

"కత్తి ఇలా తే" అంది మరిదితో. వేసిన ముళ్లన్నీ పటపటా తెంపింది. ఎవరో "అయ్యో, మళ్లీ వెయ్యండి, వీడియో సరిగ్గా రాలేదు" అన్నారు. ఆమె మొహాన్ని చంకలో పెట్టుకుంది.

"అమ్మగారూ, అది మా బోర్డండీ..."

"మొండెం మీరే ఉంచుకోండి. అది మీకు బాగా నప్పింది."

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. లోపలి సామాను బయటికి పోతే వాడి ఉద్యోగం పోతుంది.

"ఆ చంకలోదేంటి పెద్దమ్మా?"

"మా ఇంటాయన."

వాడు వంగి చూశాడు. చేపనీచు గుప్పున కొట్టేసరికి ముక్కు మూసుకుని పక్కకి జరిగాడు. పెద్దమ్మ బయటికి నడిచింది.